దుత్త జోలికి పోని కోపం

ఆఫీసులో పైవాడు చివాట్లు పెడితే తలూపుకుంటూ బయటికొస్తాం. వచ్చి ఎవరి మీద విరుచుకుపడతాం? గేటు తియ్యడం ఆలస్యమైందని వాచ్‌మన్ మీద, కూరలో ఉప్పు చాల్లేదని ఇంట్లోవాళ్ళ మీద. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనకి కొత్తేం కాదు కదా! క్షమించడంలోనూ ఇదే వరస. తప్పు పెద్దవాడిదైతే “పోనిద్దురూ, మనకెందుకు” అని ఊరుకుని, దానికి క్షమ అని పేరు పెట్టుకుంటాం. చిన్నవాడు దొరికితే మాత్రం వదిలిపెట్టం.

గాంధీగారిలో నాకు నచ్చేది ఈ లెక్కని తిరగేయడమే. రెండో చెంప చూపించమన్న మాట ఆయన పేరు మీద వాడీ వాడీ అరగ్గొట్టేశాం గానీ, జరిగింది చూస్తే అంత మెత్తగా ఏం ఉండదండీ.

1896 చివర్లో ఆయన భార్యాపిల్లలతో ఓడెక్కి దక్షిణాఫ్రికాలో, నాటాల్‌లోని డర్బన్ చేరారు. అప్పటికే అక్కడి తెల్లవాళ్ళు మండిపడుతున్నారు. నాటాల్‌లో మనవాళ్ళు పడే పాట్ల గురించి ఆయన రాజ్‌కోట్‌లో ఆకుపచ్చ అట్టతో ఓ చిన్న పుస్తకం వేశారు. అందులో ఉన్నది ఇదీ అంటూ రాయిటర్ వాళ్ళు మూడు నాలుగు ముక్కల్లో తంతి కొట్టారు. ఇక పుస్తకం చదివే ఓపిక ఎవడికుంటుంది? తంతి మాత్రం ఊరంతా చదివింది. (వాట్సాప్ లేని రోజుల్లో కూడా పని ఆగలేదన్నమాట.) ప్లేగు పేరు చెప్పి ఓడని 23 రోజులు దూరంగా ఆపేశారు.

1897 జనవరి 13న దిగారు. కస్తూర్బానీ పిల్లల్నీ బండిలో స్నేహితుడు రుస్తుంజీ గారింటికి పంపేసి, తను లాటన్ అనే తెల్ల వకీలుతో నడిచి వస్తున్నారు. కుర్రాళ్ళెవరో గుర్తుపట్టి కేకలేశారు. ఇంకేముంది! రాళ్ళు, ఇటుక ముక్కలు, కుళ్ళిన గుడ్లు. తలపాగా ఎవడో లాగేశాడు. కళ్ళు తిరిగి ఓ ఇంటి ముందు ఊచలు పట్టుకుని నిలబడితే అక్కడా పిడిగుద్దులే. అంతలో పోలీసు సూపరింటెండెంట్ అలెగ్జాండర్ గారి భార్య అటుగా వస్తూ చూసింది. గొడుగు విప్పి ఆయనకీ జనానికీ మధ్య నిలబడిపోయింది. ఇప్పుడు ఆయన్ని కొట్టాలంటే ముందు ఆవిడకి తగలాలి!

రాత్రి జనం మళ్ళీ రుస్తుంజీ ఇంటిని చుట్టుముట్టారు. గాంధీని ఉరి తీద్దాం రమ్మనే పాటొకటి అలెగ్జాండరే వాళ్ళ ముందు పాడుతూ కాలక్షేపం చేశాడు. ఈలోగా గాంధీగారు కానిస్టేబుల్ వేషం వేసి, దెబ్బలు తగలకుండా నెత్తిన లోహపు పళ్ళెం పెట్టి, దాని మీద మద్రాసీ కండువా చుట్టి, బయటపడ్డారు. కస్తూర్బా లోపల ఏమనుకుందో! క్షమించడమంటే ఆవిడని కూడా అడగాల్సిన మాటే కదా, ఎవరైనా అడిగారా అని నాకు అనుమానం.

సంగతి లండన్ దాకా వెళ్ళింది. కొట్టినవాళ్ళ మీద కేసు పెట్టండని వలసల మంత్రి చేంబర్లేన్ తంతి పంపాడు. నాటాల్ అటార్నీ జనరల్ ఎస్కాంబ్ గాంధీగారిని పిలిచి, వాళ్ళని గుర్తుపడతారా అన్నాడు. ఒకరిద్దర్ని పట్టగలనేమో, కానీ కేసు వద్దు అన్నారు. ఇంతవరకూ మనకి తెలిసిన గాంధీయే. ఆ తర్వాత అన్నది వినండి. వాళ్ళకెవరో చెప్పింది నమ్మి కోపంతో కొట్టారు, తప్పు వాళ్ళది కాదు, దారి చూపాల్సిన పెద్దలది; ఏమీ అనుకోకపోతే, మీది కూడా. రాయిటర్ మాట నమ్మారు గానీ నన్నొక్క ముక్క అడగలేదు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషితో, మొహం మీదే! పైగా కేసు వద్దన్న సంగతి అక్కడే కాగితం మీద రాసిచ్చి వచ్చారు. మనమైతే ఎస్కాంబ్‌కి ఓ దండం పెట్టి, రాయి విసిరిన కుర్రాణ్ణి స్టేషన్‌కి ఈడ్పించేవాళ్ళం.

పదకొండేళ్ళ తర్వాత జోహానెస్‌బర్గ్‌లో కొట్టింది మనవాడే. మీర్ ఆలం అని ఆరడుగుల పఠాన్, గడ్డీ కొబ్బరిపీచూ పెట్టి పరుపులు కుట్టించే వ్యాపారం, సలహాలకి గాంధీగారి దగ్గరికే వచ్చేవాడు. మనవాళ్ళంతా పేర్లు రిజిస్టరు చేయించుకు తీరాలన్న చట్టం మీద అక్కడి సర్కారు తరఫున జనరల్ స్మట్స్‌తో రాజీ కుదిరింది; మనంతట మనమే చేయించుకుంటే చట్టం రద్దు చేస్తారు, చేయించుకుందాం అన్నారు గాంధీగారు. గాంధీ పదిహేను వేల పౌన్లకి అమ్ముడుపోయాడని పుకారు. 1908 ఫిబ్రవరి 10న రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్తుంటే, మీర్ ఆలం ఎక్కడికని అడిగి, కర్రతో నెత్తి మీద ఒక్కటిచ్చాడు. తెలివి రాగానే గాంధీగారు అడిగింది మీర్ ఆలం ఎక్కడని. పట్టుకున్నారంటే, వదిలెయ్యండి, తను చేసింది సరైనదే అనుకుని చేశాడు అన్నారు. అక్కడి అటార్నీ జనరల్‌కి తంతి కూడా ఇచ్చారు. నడిరోడ్డు మీద కొట్టడం మీ సొంత విషయం కాదని తెల్లవాళ్ళు గోల పెడితే సర్కారు మళ్ళీ పట్టుకుని మూడు నెలలు లోపలేసింది.

అసలు ముచ్చట ఇక్కడుంది. స్మట్స్ చట్టాన్ని రద్దు చెయ్యలేదు. రాజీ మీద మీర్ ఆలం అనుమానం నిజమే అయింది! ఆగస్టులో హమీదియా మసీదు దగ్గర రెండు వేలకి పైగా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లు పెద్ద గుండిగలో వేసి, కిరసనాయిలు పోసి తగలబెట్టారు. అక్కడికి మీర్ ఆలం వచ్చి, కొట్టడం తప్పైపోయిందని నలుగురిలో చెప్పి, తన పాత పర్మిట్టు కూడా తగలబెట్టమని ఇచ్చాడు. గాంధీగారు చెయ్యి పట్టుకుని, నీ మీద నాకెప్పుడూ కోపం లేదన్నారు. స్మట్స్‌తో పోరు మాత్రం ఇంకో ఆరేళ్ళు నడిచింది.