గంట కొట్టేలోపల

సభలో మాట్లాడేవాడిని భయపెట్టేది జనం కాదు, గంట. అధ్యక్షులవారి చేతికింద, బల్లమీద, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంటుంది. ఒకసారి మోగితే ‘ముగించండి’ అని. రెండోసారి మోగితే ‘ఇక దయచేయండి’ అని. ఈ సంగతి నాకు పాతికేళ్ళ వయసులో బాగా తెలిసివచ్చింది.

అప్పుడు నేను తెలుగులో ఎం.ఏ. ముగించి పరిశోధన చేస్తున్నాను. విషయం బొగ్గుగని కార్మికుల పలుకుబళ్ళు. మాది గోలేటి. మా బాపు సింగరేణిలో భూగర్భ గనిలో దిగి పనిచేసేవాడు. అన్నం తింటూ ఆయన చెప్పే మాటలే నాకు గ్రంథాలయం. పొలంలో నీళ్ళున్న బావిని మావాళ్ళు ‘బాయి’ అంటారు; బొగ్గు తవ్వే గనినీ ‘బాయి’ అనే అంటారు. నిన్నటిదాకా మోట తోలిన రైతు గనిలో దిగుతూ తన మాటను కూడా వెంట తీసుకుపోయినాడన్నమాట. బొగ్గు నింపేవారి సరంజామా ‘తట్టా చెమ్మస్’, హాజరు ‘మస్టరు’, పైన ఉండి పని చూసేవాడు ‘సర్దారు’. తట్ట తెలుగు, మస్టరు ఇంగ్లీషు, సర్దారు పారశీకం. మూడూ ఒక్క నోట కలిసి కాపురం చేస్తున్నాయి. సభలో నేను చెప్పవలసింది ఇదీ.

నాకిచ్చిన వ్యవధి 15 నిమిషాలు. నేను రాసుకుపోయింది 22 పుటలు. గురువులకు, అధ్యక్షులకు, సభాసదులకు నమస్కారాలు చెప్పేసరికే రెండు నిమిషాలు గడిచాయి. తరువాత పూర్వ పరిశోధన. బిరుదురాజు రామరాజుగారు 1956లో జానపద గేయ సాహిత్యంమీద ఉస్మానియాలో డాక్టరేటు పొందిన సంగతి చెప్పాను. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలతో 1962లో వెలువడిన సంగతి చెప్పాను. ఇద్దరూ మహానుభావులే, కాని వారి సంగతి ఆ సభలో ఉన్నవారందరికీ నాకంటె బాగా తెలుసు! మొదటి గంట మోగింది. గాభరాగా పుటలు తిప్పాను. రెండో గంట మోగేసరికి ఏడో పుటలో ఉన్నాను. బాయి మాటలు తొమ్మిదో పుటలో మొదలవుతాయి.

వచ్చి కూర్చున్నాక చూశాను. చివరి వరుసలో బాపు ఉన్నాడు. రాత్రి షిఫ్టు దిగి, స్నానం చేసి, ఆసిఫాబాద్ రోడ్డు స్టేషనులో రైలెక్కి వచ్చాడు. కన్ను మూసి ఎంతసేపయిందో!

వరండాలో టీ తాగుతూ అన్నాడు: “మంచిగ చదివినవ్ కొడుకా. గని మా బాయి ముచ్చట ఎప్పుడొస్తదా అని చూస్తి. రాకపాయె.”

కోప్పడినా బాగుండేది.

ఇటువంటి కష్టం ఒక్క మనకే కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంవారు 2008లో ఒక పోటీ పెట్టారు. పరిశోధక విద్యార్థి తన సిద్ధాంత గ్రంథం సంగతంతా మూడు నిమిషాల్లో చెప్పాలి. తెరమీద ఒక్క బొమ్మ ఉండవచ్చు, అదీ కదలరాదు. చేతిలో ఏ వస్తువూ ఉండకూడదు. ఆ రోజుల్లో అక్కడ గొప్ప కరువు. స్నానానికి నీళ్ళు వృథా కాకుండా జనం స్నానాలగదిలో మూడు నిమిషాల ఇసుక గడియారం పెట్టుకునేవారట. దాన్ని చూసి ఒక ఆచార్యుడికి ఈ ఊహ తట్టింది. 80 వేల మాటల గ్రంథాన్ని చదివి వినిపించాలంటే 9 గంటలు పడుతుందని వారి లెక్క. ఇప్పుడీ పోటీ ఎన్నో దేశాలకు పాకింది. నీళ్ళ పొదుపులోంచి మాటల పొదుపు పుట్టడం చిత్రం కాదూ?

మొన్న సెలవులకు గోలేటి వెళితే, లోగడ నావద్ద చదువుకున్న ఒక అమ్మాయి వచ్చింది. వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తున్నది. అటువంటి పోటీకే వెళ్ళాలి. “సార్, ఒక్కసారి వినండి” అన్నది. బాపు రిటైరయి చాలా ఏళ్ళయింది. అరుగుమీద కూర్చుని తానూ విన్నాడు. అమ్మాయి ‘జీవవైవిధ్య పునరుద్ధరణ ప్రక్రియలో’ అని ఎత్తుకుని రెండు నిమిషాలు గుక్క తిప్పుకోలేదు.

బాపు మెల్లగా అడిగాడు: “బిడ్డా, గా ఓపెన్ కాస్టు మట్టిగుట్ట మీద చెట్టు బతుకుతదా, బతుకదా?”

అమ్మాయి ఆగిపోయింది. తరువాత నవ్వింది. “అదే తాతా నా పరిశోధన. లోతులనుంచి తీసి పోసిన మట్టిలో సారం తక్కువ. గాలిలోని నత్రజనిని వేళ్ళకు పట్టించుకునే కానుగలాంటి చెట్లు ముందు నిలబడితే, వాటి ఆకు రాలి మట్టి బాగుపడుతుంది, వెనక మిగతావి వస్తాయి” అన్నది. చూస్తే అర నిమిషం కూడా పట్టలేదు.

“గది ముందుగాల చెప్పు. బాయిల సర్దారు కర్రతోని పైకప్పు తట్టి చూస్తడు. గట్టిగుంటె ఖంగుమంటది. డొల్లగుంటె సప్పుడే వేరుంటది. అండ్ల కింద నిలవడద్దు. నీ మాటలు గట్ల ఒక్కొక్కటే తట్టి చూసుకో బిడ్డా.”

ఆ సాయంకాలం ముగ్గురం కూర్చుని తట్టి చూశాం. ‘పునరుద్ధరణ’ డొల్లగా మోగింది, తీసేశాం. నమస్కారాలు నాలుగు నుంచి ఒకటికి దిగాయి. బాపు ప్రశ్నే మొదటి వాక్యమయింది. నాలుగోసారి చెప్పినప్పుడు గడియారంలో ఇంకా పది సెకండ్లు మిగిలాయి.

“ఇగో, ఇప్పుడొచ్చింది ముచ్చట” అన్నాడు బాపు.

అమ్మాయి వెళ్ళిపోయాక నావైపు తిరిగి, “నీ కాయితాలు ఉన్నయా?” అని అడిగాడు. ఏ కాగితాలో చెప్పనక్కరలేదు. పెట్టెలో వెతికి తెచ్చాను. తొమ్మిదో పుట తీసి చదివాను. కళ్ళు మూసుకుని విన్నాడు. మూడు నిమిషాలు పట్టిందేమో!

“రెండు మాటలు తప్పు రాసినవ్” అన్నాడు.

ఆనాడే చదివి ఉంటే ఆనాడే దిద్దేవాడు.