ముద్రకి మళ్ళీ ముద్ర

తాను పెట్టిన సంతకాన్ని తానే నమ్మని పెద్దమనిషిని ఎక్కడైనా చూశారా? చూడకపోతే మన యూనివర్సిటీ పరీక్షల విభాగానికి ఓసారి దయచెయ్యండి.

పైచదువులకి పైదేశం వెళ్ళే పిల్లలు ముందుగా తమ డిగ్రీ నికార్సయినదేనని రుజువు చేసుకోవాలి. న్యాయమే! బోస్టన్‌లో కూర్చున్నాయనకి మన మార్కుల మెమో మీది గిలుకుడు ఎవరిదో ఎలా తెలుస్తుంది? మన దగ్గర దొంగ సర్టిఫికెట్లు లేవని ప్రమాణం చేసే ధైర్యం నాకైతే లేదు. అంచేత అడిగేవాళ్ళ మీద నాకు కోపం లేదు. నా గొడవల్లా ఇచ్చేవాళ్ళతోనే.

ట్రాన్‌స్క్రిప్టు కావాలని వెళితే, "మెమోల జిరాక్సులు పట్రా, ఒరిజినల్స్ చూపించు, చలానా కట్టు" అంటారు. ఏమండీ, ఆ మార్కులు వేసింది మీరే గదా, మీ రిజిస్టర్లో లేవూ? అని అడిగామా, గుమాస్తాగారు కళ్ళజోడు పైనుంచి చూసే చూపుకి మనమే దొంగలమేమోనని అనుమానం వస్తుంది. మా మేనకోడలు రాత్రి బస్సెక్కి మూడుసార్లు తిరిగింది. చివరికి తనిచ్చిన జిరాక్సుల మీదే ముద్ర కొట్టి, కవర్లో పెట్టి, అంటించిన చోట సంతకం గీకి ఇచ్చారు. రిజిస్టరు తెరిచిన పాపాన పోలేదు! ఆ కవర్ని చిన్నపిల్లలు చింపుతారని మా అక్కయ్య దేవుడి గూట్లో దాచింది. ఇంతకీ ఇందులో పరీక్షకి నిలిచింది చదువా, జిగురా?

పోనీ, అక్కడితో అయిందా? కొన్ని దేశాలవారు అపొస్టీల్ కావాలంటారు. 2005లో మనం హేగ్ ఒప్పందంలో చేరాక వచ్చిన ముద్ర అది. దానికి ముందు రాష్ట్ర ప్రభుత్వం ముద్ర, ఆపైన విదేశాంగ శాఖ ముద్ర. తమాషా ఏమిటంటే, ఆ ముద్ర సంతకం ఫలానా అధికారిదేనని చెబుతుందే గాని, లోపలి మార్కులు నిజమని చెప్పదు! జర్మనీవారు విసిగారు కాబోలు, 2022 నవంబరు 1 నుంచి ఏ.పి.ఎస్. సర్టిఫికెట్ తెమ్మన్నారు. దానికి 18,000 రూపాయలు పెట్టారు. మన కాగితాన్ని మనం కాపాడుకోనందుకు ఆ జరిమానా కట్టేది రిజిస్ట్రారుగారు కాదు, పొలం తాకట్టు పెట్టిన తండ్రి.

దొంగ డిగ్రీ కొన్నవాడికి ఈ తిప్పలేవీ లేవు సుమండీ. వాడికి ముద్రలూ, కవరూ కూడా ఆ బేరంలోనే వస్తాయి. కష్టపడి చదివిన పిల్లే కౌంటరు ముందు నిలబడాలి. జాగ్రత్తలన్నీ మంచివాళ్ళకే తగులుతున్నాయంటే వాటిని జాగ్రత్తలనడమెందుకు?

2015లో డిజిలాకర్ వచ్చింది. కొన్ని యూనివర్సిటీలు డిగ్రీల్ని అందులో పెడుతున్నాయి, సంతోషం. మరి ఎప్పుడో పాతికేళ్ళ కిందట బి.ఎస్సీ. ప్యాసైనావిడ మాటేమిటి? ఆవిడ మార్కులు బీరువాలో, బీరువా తాళం సెలవులో!

ఫీజు పెంచుకోండి, కడతాం. పాత రిజిస్టర్లు కంప్యూటరుకెక్కించండి. విదేశంనుంచి "ఈ డిగ్రీ మీదేనా?" అని ఉత్తరం వస్తే వారంలోగా అవుననో కాదనో జవాబివ్వండి. దీనికి కమిటీ అక్కర్లేదు. ఒక గుమాస్తా, ఒక కుర్చీ చాలు.

అమెరికాలో చాలాచోట్ల దరఖాస్తు గడువు డిసెంబరులోనే ముగుస్తుంది. వెళ్ళదలచినవాళ్ళు ఆగస్టులోనే బయల్దేరండి, యూనివర్సిటీకి. టిఫిన్ కట్టుకుని మరీ.