పార పట్టే ముందు పద్దు రాయండి

గోదావరి తీయగానే మన ఊళ్లకు రెండో వరద వస్తుంది. అది పాత బట్టల వరద. పట్నంలో బీరువాలు ఖాళీ చేసిన మూటలు, వాటి వెనక బ్యానర్లు, బ్యానర్ల వెనక కెమెరాలు. బియ్యం సంచిని ఇచ్చేవాళ్లొక వైపు, పుచ్చుకునేవాళ్లొక వైపు పట్టుకుని ఫొటో దిగాలి. సాయంత్రానికి బండ్లు వెళ్లిపోతాయి. బురద మాత్రం మన ఇంట్లోనే ఉంటుంది. దీన్నే సేవ అంటున్నారు. మన పిల్లలు కూడా ఇదే సేవ అనుకుని నేర్చుకుంటున్నారు. అందుకే కాస్త కటువుగా మాట్లాడాల్సి వస్తోంది.

ఒక సంగతి ముందే చెప్తాను. నీళ్లు ఇంటి చూరు దాకా వచ్చిన రాత్రి నాటు పడవ వేసుకుని వచ్చినవాళ్లనూ, గుట్ట మీద టార్పాలిన్ కింద వణుకుతున్నవాళ్లకు వండిన అన్నం మోసుకొచ్చినవాళ్లనూ ఎవరూ తప్పుపట్టరు. ఆ రుణం తీరేది కాదు. నా తగువంతా నీళ్లు తీశాక జరిగే పని గురించే.

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత రికార్డుల్లో ఇదే పెద్దది. శబరి గోదావరిలో కలవలేక వెనక్కి తన్నింది. కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, ఏటపాక, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో కోయలు, కొండరెడ్లు గుట్టలెక్కారు.

అప్పుడు అందిన సాయం చూడండి. తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి 10,000 రూపాయలు ప్రకటించింది. ఆంధ్ర ప్రభుత్వం 2,000 ఇచ్చింది. ముంచిన నది ఒకటే. 2014లో గీసిన గీతకు అటున్నవాడి కష్టానికి ఒక ధర, ఇటున్నవాడి కష్టానికి ఇంకో ధర. భద్రాచలం పక్కనే ఉన్న ఐదు ఊళ్ల నుంచి తమను మళ్లీ తెలంగాణలో కలపాలని గొంతులు లేచాయంటే లేవవా మరి? సాయం దయ అయినప్పుడు ఎవరికి తోచినంత వాళ్లు వేస్తారు. అడిగే వీలుండదు. హక్కుకైతే లెక్క ఉంటుంది.

ఆ లెక్క ఉంది కూడా. విపత్తు సాయానికి కేంద్రం 2022–23 నుంచి 2025–26 వరకు ధరలు రాసిపెట్టింది. గుడిసె కూలితే 8,000 రూపాయలు. పాడి గేదె పోతే 37,500, మేక పోతే 4,000, కోడి పోతే 100. వర్షాధార పైరు 33 శాతం మించి దెబ్బతింటే హెక్టారుకు 8,500. పొలంలో మేట మూడంగుళాలు దాటితే దాన్ని తీయడానికి హెక్టారుకు 18,000. రెండు రోజులకు మించి ఇల్లు మునిగితే బట్టలకు 2,500, గిన్నెలకు మరో 2,500. వీటికి పరిమితులున్నాయి, ఇవేమీ పెద్ద మొత్తాలూ కావు. అయినా ఒక్కసారి ఆలోచించండి. బట్టలకు డబ్బు రావాల్సిన ఇంటికి పాత చీరల మూట ఇచ్చి, దండం పెట్టించుకుని పోతున్నారు. మనం చప్పట్లు కొడుతున్నాం.

ఈ డబ్బు రావాలంటే నష్టం జరిగినట్టు రుజువు కావాలి. అధికారి వచ్చి చూసి రాయాలి. ఆయన వచ్చేసరికి రుజువు ఎక్కడుంటుంది? అంతకుముందే మంచి మనసుతో వచ్చిన కుర్రాళ్లు ఇల్లు కడిగేసి ఉంటారు. గోడ మీద నీటి గీత పోతుంది. చచ్చిన మేకను పూడ్చేసి ఉంటారు. పొలంలో మేటను గట్టు మీదికి ఎత్తేసి ఉంటారు. వచ్చిన ఉద్యోగికి శుభ్రమైన ఇల్లు, ఖాళీ కొట్టం కనిపిస్తాయి. "పెద్దగా నష్టం లేదు" అని రాసుకుని పోతాడు. సాయం చేశామనుకున్న చేతులే ఆ కుటుంబానికి నోటికాడి కూడు తీసేస్తాయి.

అందుకే అంటున్నాను. పార పట్టే ముందు పద్దు రాయండి. ఫొటో తీయండి, కానీ మనుషుల మొహాలు వద్దు. గోడ మీది నీటి గీతను తీయండి. కూలిన గోడను, మేటలో దిగేసిన కొలబద్దను, చచ్చిన పశువు చెవికున్న ట్యాగును తీయండి. పక్కన తేదీ, ఇంటివారి పేరు, సర్వే నంబరు లేదా పోడు పట్టా నంబరు రాయండి. పట్టా లేని పోడునూ వదలకండి. ప్రభుత్వ జాబితాలోంచి మొదట జారిపోయేది అదే. రెండు ప్రతులు చేసి ఒకటి ఊళ్లో ఉంచండి, ఒకటి ఆఫీసులో ఇచ్చి రశీదు తీసుకోండి. అప్పుడు పార పట్టండి, ఎంత బురదైనా ఎత్తండి.

"ఆకలితో ఉన్నవాడి ముందు కాగితాలేమిటి" అని కొందరంటారు. ఒక పల్లె నష్టం రాయడానికి ఒక పూట చాలు. ఆ పూట అన్నం పెడుతూనే రాయండి. రాయకపోతే పోయేది ఏడాది తిండి. "ప్రభుత్వం చేయాల్సిన పని మనమెందుకు చేయాలి" అని ఇంకొందరంటారు. దాని పని మనం చేయడం లేదు. తప్పించుకోకుండా దాని చేత చేయిస్తున్నాం.

ఈ పని బయటివాళ్ల వల్ల కాదు. కోయ తప్ప మరో మాట రాని అవ్వ తన ధాన్యపు గాదెలో ఎంతుందో, ఇప్పపువ్వు ఎంత తడిసిపోయిందో ఎవరికి చెప్తుంది? ఆమె మాట తెలిసిన మనవడు చదువుకున్నది ఎందుకు? నీళ్లు ఎక్కని కొండ ఊళ్ల యువకులు ముందు కదలాలి. బయటి నుంచి ఎవరొచ్చినా ముందు ఊరిని అడగాలి. ఏం కావాలో, ఎవరికి ముందు ఇవ్వాలో ఊరు కూర్చుని చెప్తుంది. పథకాలకు లబ్ధిదారులను గుర్తించే బాధ్యతను 1996 నాటి పెసా చట్టం గ్రామసభకే ఇచ్చింది. ఆ చట్టం ముందు బ్యానర్ పట్టుకున్నవాడు ఎంత?

పంతుళ్లకూ ఒక మాట. వరదలో మీ బడే శిబిరం అవుతుంది. తడిసిపోయిన స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రాలు, ఆధార్‌లు ఎవరెవరివో మీరు రాయించండి. ఊరి పటం గీయడం, మేట లోతు కొలవడం, అర్జీ రాయడం పిల్లలకు ఆ వారమే నేర్పండి. అంతకు మించిన పాఠం ఆ వారానికి లేదు.

ఈ పద్దుకు ఇంకో పని కూడా ఉంది. పోలవరం ముంపును 41.15 మీటర్లు, 45.72 మీటర్లు అని రెండు గీతలుగా విడదీశారు. పై గీత ఊళ్ల పునరావాసం వెనక్కి నెట్టారు. 2022లో ఆ పై గీత ఊళ్లు కూడా మునిగాయి. ముంపు ఊరని చెప్పి పక్కా పనులు చేయరు, ఇంకా మునగలేదని చెప్పి పరిహారం ఇవ్వరు. ఈ రెండు నాలుకల మాటకు జవాబు మన గోడల మీద ఉంది. తేదీతో సహా నీటి గీతను ఫొటో తీసి ఉంచిన ఊరిని ఏ కాగితమూ అబద్ధమాడి దాటిపోలేదు. ఆ గీతను చీపురుతో కడిగేసి మనమే వాళ్ల పని తేలిక చేయొద్దు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి జూన్ రాకముందే గుంపుకు ఇద్దరు చొప్పున పేర్లు ఇవ్వండి. ఒక నోటు పుస్తకం, ఒక కొలత టేపు, చార్జింగ్ ఉన్న ఒక ఫోను చాలు. పాత బట్టలు వద్దని చెప్పడానికి సిగ్గుపడకండి. మనకు రావాల్సింది మనం అడుగుతున్నాం.