గాలిమార్పు ఒక్కటే మందు కాదు

“గాలిమార్పుకు కొండలకు వెళ్ళండి” అన్న సలహా మనకు కొత్త కాదు. ఆ సలహాకు లోకప్రసిద్ధి తెచ్చిన ఊళ్ళలో స్విట్జర్లాండులోని దావోస్ ఒకటి. ఆల్ప్స్ పర్వతాలలో సుమారు 1,560 మీటర్ల ఎత్తున ఉన్న ఈ లోయకు 1865 చలికాలంలో క్షయరోగులు రాసాగారు. అక్కడి వైద్యుడు అలెగ్జాండర్ స్పెంగ్లర్ వారికి నిర్మలమైన గాలి, పుష్టికరమైన ఆహారం, విశ్రాంతి విధించారు. కొందరు కోలుకున్నారు, ఎందరో కోలుకోలేదు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొన్న తరువాతనే క్షయకు తగిన మందు దొరికింది. శానిటోరియములు కొన్ని హోటళ్ళుగా మారాయి.

నేడు యాత్రికులు శీతకాలంలో మంచుపై స్కీయింగుకు, వేసవిలో కొండబాటల నడకకు అక్కడికి వెళుతున్నారు. ఊరు ఒకటే అయినా ఋతుచర్య వేరు. శీతకాలపు పొడి చలి వాతాన్ని ప్రకోపింపజేస్తుంది. జఠరాగ్ని బలంగా ఉంటుంది. కనుక నేయి చేర్చిన వేడి ఆహారం, నువ్వులనూనెతో అభ్యంగనం హితకరం. మంచు మీద పడి మెరిసే ఎండ కళ్ళకు చేటు, నల్లద్దాలు తప్పనిసరి. వేసవిలో చల్లగా ఉన్నదని ఎండను అలక్ష్యం చేయరాదు. ఎత్తైన చోట సూర్యకిరణాలు తీక్ష్ణం. లఘువైన ఆహారం, తరచు మంచినీరు తీసుకోవాలి. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు వైద్యుని సంప్రదించిన పిదపనే బయలుదేరాలి.

గాలి, ఆహారం, విశ్రాంతి మందుకు తోడే గాని బదులు కావు. తెల్లవారుజామున నడక, తెరచిన కిటికీ మన ఇంటనే లభిస్తాయి. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గనివారు వెళ్ళవలసినది కొండకు కాదు, కఫపరీక్షకు.