ప్యాక్‌లో అదృష్టం, చట్టంలో మౌనం

2021లో వచ్చిన 'హార్త్‌స్టోన్ మెర్సినరీస్' ఆటలో కిరాయి యోధుడి స్థాయి ఆడేకొద్దీ 30 వరకు పెరుగుతుంది. నైపుణ్యాలకు పదును పెట్టాలంటే మాత్రం ఆ యోధుడి పేరిట ఉన్న నాణేలే కావాలి. అవి పోరాడితే దక్కుతాయి, డబ్బు పెట్టి కొన్న ప్యాక్‌లోనూ రావచ్చు. ఎవరి నాణేలు వస్తాయో విప్పేదాకా తెలియదు. ఓపికకు ఫలం దక్కడం న్యాయమే. ఓపిక నశించినవాడికి అదృష్టం అమ్మడం వేరే వ్యాపారం.

విప్పేదాకా ఏముందో తెలియని ఇలాంటి ప్యాక్‌లపై (లూట్ బాక్సులపై) ఆందోళనతో 2018లో ఐరోపా జూద నియంత్రణ సంస్థలతో గొంతు కలిపిన ఐర్లాండ్, 2024 జూద నియంత్రణ చట్టంలో వాటి ఊసెత్తలేదు. వచ్చింది నగదుగా మారదు కాబట్టి జూదం కాదన్నది కంపెనీల వాదన. సరే, కాదనుకుందాం, పోయేది మాత్రం అసలైన డబ్బే. కనీసం వినియోగదారుల రక్షణ కిందనైనా, కావలసిన నాణేలను నిర్ణీత ధరకు నేరుగా అమ్మాలని ఐర్లాండ్ ప్రభుత్వం ఆదేశించాలి.