కబాడీ అంటే తిట్టు, రీసైక్లింగ్ అంటే పెట్టుబడి

కబాడ్ అంటే ఉర్దూలో వాడుక తీరిపోయిన సామాను. దాన్ని కొని అమ్మేవాడు కబాడీ. ఇందులో తిట్టేమీ లేదు. కానీ ఈ మాట మన సినిమాల్లో, కాలనీ గేట్ల దగ్గర, పోలీసు స్టేషన్లలో ఎట్లా పలుకుతున్నారో చెవిపెట్టి వినండి. గడ్డం, లుంగీ, తోపుడు బండి, దొంగసొత్తు. ఈ నాలుగూ కలిపి ఒక మనిషిని తయారుచేసి పెట్టుకున్నారు. అదే పని పెద్ద షెడ్డు వేసి, బోర్డు మీద పచ్చటి ఆకు బొమ్మ గీసి చేస్తే దాని పేరు రీసైక్లింగ్. దానికి బ్యాంకు అప్పిస్తుంది, మంత్రి వచ్చి రిబ్బన్ కత్తిరిస్తాడు.

రెండు సంగతులు పక్కపక్కన పెడతాను. 2021 ఆగస్టు 13న ప్రధానమంత్రి వాహనాల తుక్కు విధానాన్ని ప్రారంభించారు. సందర్భం గుజరాత్‌లో పెట్టుబడిదారుల సదస్సు. పాత బండ్లు విప్పి ఇనుము తీయడం దేశాభివృద్ధి అని ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది. అదే నెల చివర మధ్యప్రదేశ్‌లోని ఉజ్జయిని జిల్లాలో, పల్లెల్లో పాత సామాన్లు కొనుక్కునే ఒక ముస్లిం కబాడీని అడ్డగించి బలవంతాన 'జై శ్రీరాం' అనిపించారు. వీడియో దేశమంతా తిరిగింది, ఇద్దరు అరెస్టయ్యారు. ఒకే నెల, ఒకే సరుకు. సదస్సులో కోట్ల లెక్కన మాట్లాడుకున్న ఇనుమూ, ఆ మనిషి బండిలో వేసుకున్న ఇనుమూ చివరికి చేరేది కొలిమికే.

నా వామపక్ష మిత్రులు ఇక్కడ అడ్డుపడతారు. 'ఇది శ్రమకు సంబంధించిన విషయం కదా, మతం ఎందుకు తెస్తారు?' అంటారు. తెచ్చింది నేను కాదు, ఉజ్జయినిలో దారికడ్డం నిలబడ్డవాళ్ళు. ఆయన్ని కూలివాడని ఆపలేదు వాళ్ళు.

సరే, శ్రమ గురించే మాట్లాడదాం. ఆ కొత్త షెడ్డులో నడిమధ్య నిలబెట్టి అందరికీ చూపించేది బేలింగ్ ప్రెస్సు. మన పాత గోదాముల్లోనూ చిన్నవి ఉన్నాయి. మందపాటి ఉక్కు పలకలు పరిచిన పెట్టె అది. దానిలోకి పత్రా, డబ్బాలు, కూలర్ల రేకులు, కారు తలుపులు, లేత్ మిషన్ల దగ్గర రాలిన చుట్టలు పడేస్తారు. కరెంటు మోటారు ఒక పంపును తిప్పుతుంది. పంపు నూనెను సిలిండర్లలోకి తోస్తుంది. నూనె నొక్కితే నలగదు కాబట్టి ఆ బలమంతా పిస్టన్‌కు పోతుంది. లెక్క సులువే. సిలిండర్ లోపలి వ్యాసం 20 సెంటీమీటర్లు, నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 200 కిలోలు అనుకుంటే పిస్టన్ 62 టన్నులకు పైగా బలంతో తోస్తుంది. పెద్ద వాటిలో మూడు వైపుల నుంచి మూడు దెబ్బలు. ముందు మూత పైనుంచి దిగి మూసుకుంటుంది, తర్వాత పక్క గోడ జరుగుతుంది, ఆఖరున పొడవు దిక్కున పిస్టన్ వచ్చి కొన్ని క్షణాలు బిగపట్టి ఉంచుతుంది. తలుపు తెరుచుకుంటే ఇటుక లాంటి దిమ్మె బయటికొస్తుంది. దాన్ని బేలు అంటారు, బండిల్ అంటారు.

ముప్పై సెంటీమీటర్ల వెడల్పు, ముప్పై ఎత్తు, నలభై పొడవు ఉన్న బేలు అరవై డెబ్భై కిలోలు తూగొచ్చు. అదే కొలతల్లో గట్టి ఉక్కు దిమ్మె అయితే 280 కిలోలు దాటుతుంది. అన్ని టన్నులతో నొక్కిన తర్వాత కూడా అందులో ముప్పావు వంతు ఖాళీయే. అయినా విడి రేకుతో పోలిస్తే అది బంగారం. విడి పత్రా లారీ నిండా ఎక్కించినా బరువు రాదు, కిరాయి మాత్రం లారీ మొత్తానికీ కట్టాలి. కొలిమిలో ఇంకో చిక్కు. పల్చటి రేకు కరిగేలోపే తుప్పు పట్టి కాలి, చాలా భాగం మడ్డిగా పోతుంది. లేదా కొలిమి నోటి దగ్గర ఒకదాన్నొకటి పట్టుకుని వంతెనలా నిలిచిపోతుంది. బేలు అయితే బరువుకు నేరుగా కరిగిన లోహంలో మునుగుతుంది. కాటేదాన్, జీడిమెట్ల వైపు ఇండక్షన్ కొలిములవాళ్ళకు ఇదంతా కొట్టినపిండి.

మిషన్ గొప్పదే. నాకు దాంతో తగాదా లేదు. కానీ అది నొక్కుతుంది, ఏరదు. లోపల ఏముందో దానికి తెలియదు, బయటివాడికి తెలియనివ్వదు. రేకుల మధ్య కారు వైర్ల రాగి ఇరుక్కుంటే ఆ రాగి ఉక్కులో కలిసిపోతుంది. ఒకసారి కలిసిందా, మామూలు కొలిమిలో మళ్ళీ వేరుచేయలేరు. ఆ ఉక్కును కాల్చి రోలింగ్ చేసేటప్పుడు పగుళ్ళు వస్తాయి. మూత బిగిసిన డబ్బాలో నీళ్ళుంటే ఇంకా ప్రమాదం. నీళ్ళు ఆవిరైతే పదహారు వందల రెట్లు పైగా పెరుగుతాయి, కరిగిన ఉక్కు ఎగిరి మనుషుల మీద పడుతుంది. 2004లో ఘజియాబాద్‌లోని ఒక ఉక్కు కర్మాగారంలో, విదేశాల నుంచి వచ్చిన తుక్కులో యుద్ధపు గుండ్లు పేలి పదిమంది కార్మికులు చనిపోయారు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులోకి కోబాల్ట్ అరవై ఉన్న పరికరం వచ్చింది. దాన్ని వేలంలో అమ్మింది తోపుడు బండివాడు కాదు, సాక్షాత్తూ ఒక విశ్వవిద్యాలయం. తెలియక విప్పినవాళ్ళ ఒళ్ళు కాలింది, ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. చదువుకున్నవాళ్ళు పారేసిన దానికి చదువులేనివాళ్ళు చేతులు పెట్టారు.

కాబట్టి ప్రెస్సు కంటే ముందు ఒక మనిషి కావాలి. భోలక్‌పూర్ గల్లీల్లో బస్తా వేసుకుని గుట్ట ముందు కూర్చునే మనిషి. అతని చేతిలో అయస్కాంతం ముక్క, సుత్తి, ఆకురాయి. అయస్కాంతానికి పట్టుకోలేదంటే మంచి రకం స్టీలో, అల్యూమినియమో. ఆకురాయితో గీస్తే పూత కింద ఇత్తడో కాదో తేలుతుంది. గ్రైండింగ్ రాయికి తాకించి, లేచే నిప్పురవ్వల తీరు చూసి ఇది బీడు, ఇది మామూలు ఇనుము అని చెప్పగలడు. సుత్తితో కొట్టి చప్పుడు వింటాడు. ఇన్ని పరీక్షలు ఇంజనీరింగ్ కాలేజీలో చేస్తే లాబొరేటరీ అంటారు. నేల మీద కూర్చుని చేస్తే కబాడీ.

ఒక టన్ను తుక్కు వాడితే 1.1 టన్నుల ఇనుప ఖనిజం, 630 కిలోల కోకింగ్ బొగ్గు, 55 కిలోల సున్నపురాయి మిగులుతాయని కేంద్ర ప్రభుత్వమే 2019 ఉక్కు తుక్కు విధానంలో రాసుకుంది. ఈ దేశపు కొండల్నీ అడవుల్నీ ఎన్నేళ్ళుగా ఎవరు మిగిలిస్తున్నారో మరి! పర్యావరణం మీద సెమినార్లు పెట్టే మిత్రులు ఈ మనుషుల్ని ఒక్కసారైనా వేదిక మీదికి పిలిచారా? 2025 ఏప్రిల్‌లో హిసార్ సభలో ప్రధానమంత్రి, వక్ఫ్ ఆస్తులు సరిగ్గా వాడి ఉంటే ముస్లిం యువకులు సైకిల్ పంచర్లు వేసుకుని బతకాల్సి వచ్చేది కాదన్నారు. పంచర్ వేయడం జాలిపడాల్సిన పని ఎప్పుడైంది? జీతపు ఉద్యోగాల్లో ముస్లింలు తక్కువనీ, సొంత చిల్లర పనుల మీద ఎక్కువగా ఆధారపడ్డారనీ సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. ఆ ఉద్యోగాల సంగతి ఎత్తకుండా పంచర్ సంగతి ఎత్తడం సౌకర్యం.

దొంగసొత్తు కొనే కబాడీలు లేరా అని అడుగుతారు. ఉన్నారు. మీరట్‌లో సోతీగంజ్ బజారు దొంగ బండ్లు విప్పడానికి పేరుమోసింది. 2021 డిసెంబరులో దాన్ని మూయించారు. నేరం చేసినవాళ్ళ మీద కేసులు పెట్టాల్సిందే. కానీ బజారుకు బజారే మూస్తే, వేలంలో రసీదు తీసుకుని కొన్నవాడూ వీధిన పడ్డాడు. మనల్ని ఎప్పుడూ ఇట్లాగే బేలు కడతారు. ఓటు బ్యాంకన్నా, పాకిస్తానీలన్నా, కబాడీలన్నా ఒకే పెట్టెలో వేసి మూత దించుతారు. ఉమ్మడి రాష్ట్రంలో 2007 చట్టం వెనుకబడిన పద్నాలుగు ముస్లిం సమూహాల్ని పేరుపేరునా గుర్తించడానికి ఎంత గొడవైంది! అత్తరు సాయిబు, హజాం, ఖురేషీ, ఫకీర్, రాయి కొట్టే తురక కాశ, వీళ్ళు వేరువేరు మనుషులని చెప్పడానికి కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. దూదేకులవాళ్ళు అంతకుముందు నుంచే వేరే జాబితాలో ఉన్నారు. తుక్కు గుట్ట ముందు ఏరేవాడికి ఉన్న ఓపిక ప్రభుత్వాలకూ, పత్రికలకూ ఉంటే బాగుండేది.

ఇక మన సేఠ్‌లు. వీళ్ళను వదిలేస్తే ఈ వ్యాసం రాయడమే దండగ. మైనారిటీ అనే మాట వీళ్ళకు గొడుగు. జుమ్మా నమాజులో పక్కన నిలబడ్డవాడే సోమవారం కాటా దగ్గర కిలోకు వంద గ్రాములు కోస్తాడు. ప్రెస్సుకు రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితే తప్ప మూత దిగని ఏర్పాటు ఉంటుంది. పని మందగిస్తోందని ఒక బటన్‌ను కట్టేసి కుర్రాడితో ఒంటిచేత్తో నడిపిస్తారు. రెండో చెయ్యి రేకు సర్దుతూ లోపల ఉంటుంది. ఆ చెయ్యి పోతే దవాఖానా ఖర్చు ఇచ్చి 'అల్లా కీ మర్జీ' అంటారు. అల్లా బటన్ కట్టేయమన్నాడా? 2022 మార్చి 23న తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము అంటుకుని, పైన పడుకున్న పదకొండుమంది చనిపోయారు. అందరూ బిహార్ నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చిన కూలీలు. కింద సరుకు, పైన నిద్ర. యజమాని ఏ మతంవాడైనా ఈ ఊళ్ళో గోదాముల పద్ధతి ఇదే. చచ్చినవాళ్ళు మావాళ్ళా మీవాళ్ళా అని నేను లెక్కపెట్టను.

2024 అక్టోబరు 10 నుంచి రిజిస్ట్రేషన్ లేనివాడి దగ్గర లోహపు తుక్కు కొంటే జీఎస్టీ కొన్నవాడే కట్టాలి. దొంగ బిల్లుల్ని ఆపడానికట. బిల్లులే లేని తోపుడు బండివాడు దొంగ బిల్లు ఎక్కడ చేశాడు? కొన్నవాడు ఆ పన్నును తర్వాత తన లెక్కలో సర్దుకుంటాడు. అప్పటిదాకా డబ్బు ఆగిందని చెప్పి బండివాడి రేటులో కోస్తాడు.

పుణెలో చెత్త ఏరుకునేవాళ్ళు, ఎక్కువమంది దళిత స్త్రీలు, 1993లో కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్ అనే సంఘం పెట్టుకున్నారు. కార్పొరేషన్ చేత గుర్తింపు కార్డులు ఒప్పించుకున్నారు. 2008లో 'స్వచ్ఛ్' సహకార సంఘం ద్వారా ఇంటింటి చెత్త సేకరణ ఒప్పందం కూడా తెచ్చుకున్నారు. హైదరాబాద్‌లో మనకు అడ్డేమిటి? మైనారిటీ ఫైనాన్స్ కార్పొరేషన్ ఒక్కో మనిషికి ఆటోకో కుట్టుమిషన్‌కో అప్పిచ్చే బదులు, భోలక్‌పూర్‌లో ఏరేవాళ్ళ సహకార సంఘానికి ఒక ప్రెస్సు ఇవ్వమని అడుగుదాం. ముస్లింలూ, దళితులూ, బిహారీలూ అందులో సభ్యులుగా ఉండాలి. బేలు అమ్మిన రేటు గోడ మీద రాసిపెట్టాలి. రెండు బటన్లూ పనిచేయాలి. గోదాము పైన ఎవరూ పడుకోకూడదు, పడుకోవాల్సి వస్తే వేరే గది కట్టాలి. కార్డు మీద పేరు కింద వృత్తి అన్నచోట లోహాలు ఏరే పనివాడు అని తెలుగులోనూ ఉర్దూలోనూ రాయాలి. ఆ కార్డు చూపిస్తే కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్ తెరవాలి, ఎస్సై బండి వదిలేయాలి.