పొలం అమ్మే ముందు వజీఫా

మా అమృతలూరులో బిడ్డ ఎమ్మెస్‌కి పోతానంటే అబ్బాజాన్ ముందు పొలం కాగితాలు తీస్తాడు, తర్వాత బ్యాంకుకి పోతాడు. వజీఫా మాట ఆఖర్న. నాకిది ఉల్టా లెక్క. జుమాలో సూద్ హరామని వింటాం, సోమవారం లోన్ మీద దస్తఖత్ పెడతాం. మైనారిటీ పిల్లల లోన్‌కి చదువుకునే కాలపు సూద్ కట్టే కేంద్రం వారి 'పఢో పర్‌దేశ్' 2022-23 నుంచి బంద్. (అయినా అది బ్యాంకు సూద్‌కి సాయమే కదా!) తెలంగాణలో మైనారిటీలకి 20 లక్షల దాకా వజీఫా ఉంది, ఆంధ్రా వాళ్లకి అందదు.

మరి బ్రిటన్ చెవెనింగ్? ఏడాది మాస్టర్స్‌కి ఫీజు, ఖర్చు రెండూ వాళ్లవే. కాకపోతే రెండేళ్ల నౌకరీ తజుర్బా అడుగుతారు. అందుకే చెబుతున్నా, బేటీ డిగ్రీ కాగానే నిఖాకి జల్దీ పడకండి భాయీ. ఆ రెండేళ్లు నౌకరీ చేయనివ్వండి.